మాస్టారిని అడగండి: 432 కోట్ల సంగతులు

గత సంచికలో ఒక పాఠకుడు "పురోహితుడు సంకల్పంలో చెప్పే కల్పం అంటే ఎన్నేళ్లు?" అని అడిగితే, "432 కోట్ల సంవత్సరాలు" అని ఒక్క వాక్యంలో జవాబిచ్చి ఊరుకున్నాను. నేను ఊరుకుంటే మీరు ఊరుకుంటారా! ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ సంఖ్య మీదే. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి, శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నా. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి. లెక్క కళ్లతో చదివితే ఒంటబట్టదు.

ప్రశ్న: మాస్టారూ, ఈ 432 కోట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఎవరైనా కూర్చుని లెక్కపెట్టారా, లేక పెద్దగా ఉంటుందని ఏదో ఒక అంకె వేశారా? (ఒక గృహిణి, తెనాలి)

ఏదో ఒక అంకె కాదమ్మా, చాలా జాగ్రత్తగా కట్టిన అంకె. పురాణాల లెక్కలో నాలుగు యుగాలూ కలిపి 12,000 దివ్య సంవత్సరాలు. మన ఏడాది దేవతలకు ఒక రోజు కాబట్టి, 360 తో గుణించాలి. 12,000 × 360 = 43,20,000. ఇది మహాయుగం. అలాంటివి వెయ్యి అయితే కల్పం, అంటే బ్రహ్మకు ఒక పగలు. 4,32,00,00,000.

మహాయుగాన్ని పది వాటాలు చేసి కృతయుగానికి నాలుగు, త్రేతకు మూడు, ద్వాపరానికి రెండు, కలికి ఒకటి పంచారు. కలికి వచ్చినవి 4,32,000 ఏళ్లు. ద్వాపరం 8,64,000. త్రేత 12,96,000. కృతయుగం 17,28,000. చివరి మూడు సున్నాలూ తీసేసి చూడండి. 1728 అంటే 12 × 12 × 12. దానికి ఒకటి కలిపితే రామానుజన్ గారి 1729! ఇందులో మహిమ ఏమీ లేదు, 12 ఘనం పక్కన 1 ఘనం చేరింది, అంతే. అయినా కృతయుగం పక్కింట్లోనే రామానుజన్ సంఖ్య కాపురం ఉండటం నాకు ముచ్చటగా ఉంటుంది.

త్రేతాయుగం 12,96,000 ఇంకా తమాషా. వృత్తానికి 360 భాగలు, భాగకు 60 కళలు, కళకు 60 వికళలు. గుణించండి: 360 × 60 × 60 = 12,96,000. ఇక కలియుగం 2 × 60 × 60 × 60. అంటే ఈ సంఖ్యలన్నిటి వెనకా ఉన్నది 60. మన ఘడియలు రోజుకి 60, విఘడియలు ఘడియకి 60, ప్రభవ నుంచి అక్షయ వరకు సంవత్సరాలు 60. బాబిలోను వాళ్లదీ ఇదే 60 లెక్క. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో బెరోసస్ అనే బాబిలోను పూజారి, జలప్రళయానికి ముందు పదిమంది రాజులు 4,32,000 ఏళ్లు ఏలారని రాశాడు. ఎవరు ఎవరి దగ్గర ఎత్తుకున్నారన్న పంచాయితీ నాకొద్దు. 60 తో లెక్కపెట్టే అలవాటున్నవాళ్లు పెద్ద సంఖ్య కావాలనుకుంటే ఇలాంటి చోటికే చేరతారు.

ప్రశ్న: సార్, 432 కోట్లకి కారణాంకాలు ఎన్ని? మా అన్నయ్య ఫోన్‌లో చూసి 384 అన్నాడు. నమ్మమంటారా? (పదో తరగతి విద్యార్థిని, సిద్దిపేట)

నమ్ము తల్లీ, కానీ ఫోన్ చెప్పిందని నమ్మకు. నీ లెక్కల పుస్తకంలో మొదటి పాఠమే చాలు దీనికి.

432 ని విడగొట్టు. 16 × 27, అంటే 2⁴ × 3³. కోటి అంటే పది ఏడుసార్లు, 2⁷ × 5⁷. రెండూ కలిపితే 2¹¹ × 3³ × 5⁷. ఇంత పెద్ద సంఖ్యలో ఉన్న ప్రధాన సంఖ్యలు మూడే: 2, 3, 5.

ఇప్పుడు కారణాంకం తయారుచెయ్యి. 2 లు ఎన్ని తీసుకుంటావు? అసలు తీసుకోకపోవచ్చు, పదకొండూ తీసుకోవచ్చు. మొత్తం 12 దారులు. 3 లు సున్నా నుంచి మూడు వరకు, 4 దారులు. 5 లకి 8 దారులు. 12 × 4 × 8 = 384. ఉదాహరణకి 2 వద్దనుకుని, 3 లు మూడూ, 5 ఒకటీ తీసుకున్నావనుకో, 135 వస్తుంది. 432 కోట్లని 135 తో భాగించి చూడు, సరిగ్గా 3 కోట్ల 20 లక్షలు, శేషం సున్నా.

1 నుంచి 10 వరకు అన్నిటితోనూ భాగించు. ఒక్క 7 దగ్గర ఆగిపోతుంది, మిగతావన్నీ నిశ్శేషంగా పోతాయి. ఈ 7 సంగతి గుర్తుపెట్టుకో, కింది ప్రశ్నలో దానితో పని ఉంది. ఈలోగా నీకో పని: ఆ 384 లో పరిపూర్ణ వర్గాలు ఎన్ని? మీ అన్నయ్యని అడక్కుండా చేసి పంపు.

ప్రశ్న: కల్పంలో 14 మంది మనువులు, ఒక్కొక్క మనువుకి 71 మహాయుగాలు అంటారు. 14 × 71 = 994. కల్పానికి 1000 కదా, మిగతా ఆరు ఎటు పోయాయి? (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, నెల్లూరు)

బ్యాంకులో పనిచేసినవారు కాబట్టి తేడా వెంటనే పట్టేశారు. అది పోలేదండీ, వేరే ఖాతాలో ఉంది.

పై జవాబులో 7 తప్ప అన్నాను చూశారా? 14 లో 7 ఉంది. వెయ్యిలో 7 లేదు. కాబట్టి వెయ్యిని 14 మందికి పంచడం ఎవరి తరమూ కాదు. 71 చొప్పున ఇస్తే ఆరు మిగులుతుంది, 72 చొప్పున ఇస్తే ఎనిమిది తక్కువవుతుంది. సూర్యసిద్ధాంతం అనే పాత ఖగోళ గ్రంథం 71 చొప్పున ఇచ్చి, మిగిలిన ఆరింటిని సంధికాలాలకి సర్దింది. కల్పం మొదట్లో ఒక సంధి, ప్రతి మనువు తరవాతా ఒకటి, మొత్తం 15. ఒక్కో సంధి కృతయుగమంత, అంటే మహాయుగంలో నాలుగు పదోవంతులు. 15 × 0.4 = 6. ఖాతా సరిపోయింది.

ఆర్యభటుడికి ఈ సర్దుబాటు నచ్చలేదు. ఆయన తలా 72 ఇచ్చేసి, కల్పానికే 1008 మహాయుగాలన్నాడు. అంటే 435 కోట్ల 45 లక్షల 60 వేల ఏళ్లు. పనిలో పనిగా నాలుగు యుగాల్నీ సమానం చేసి తలా 10,80,000 ఇచ్చాడు. సంప్రదాయం తప్పాడని బ్రహ్మగుప్తుడు 628 లో రాసిన తన సిద్ధాంత గ్రంథంలో ఆయన్ని గట్టిగానే దులిపాడు. లెక్కల మనిషిగా నా ఓటు ఆర్యభటుడికే. 1008 లో 7 ఉంది కాబట్టి ఆయన కల్పం పూర్తి వారాల్లో ముగుస్తుంది. ఆయన మహాయుగానికి రోజులు 1,57,79,17,500. ఏడుతో భాగిస్తే శేషం 5. అలాంటివి 1008 కలిస్తే శేషం సున్నా. ఏ వారం మొదలైతే తరవాతి కల్పమూ అదే వారం మొదలు. సూర్యసిద్ధాంతం మహాయుగానికి రోజులు 1,57,79,17,828, శేషం 4. వెయ్యి మహాయుగాలకి 4,000, దాన్ని ఏడుతో భాగిస్తే 3 మిగులుతుంది. అక్కడ వారం కలవదు.

మనం ఇప్పుడు ఎక్కడున్నామో కూడా వేసుకుందాం. మా ఇంట్లో వ్రతం జరిగినప్పుడల్లా పురోహితుడు "శ్వేతవరాహకల్పే, వైవస్వతమన్వంతరే, కలియుగే, ప్రథమపాదే" అంటుంటే, నేను అక్షతలు చేత్తో పట్టుకుని మనసులో ఈ కూడికే చేస్తుంటాను. వైవస్వతుడు ఏడో మనువు, అంటే ఆరుగురు అయిపోయారు: 6 × 71 = 426. వాళ్ల సంధులు ఏడు, 2.8. ఈ మనువులో 27 మహాయుగాలు గడిచాయి. ఇరవై ఎనిమిదో దానిలో కృత, త్రేత, ద్వాపరాలు అయిపోయాయి, 0.9. మొత్తం 456.7 మహాయుగాలు, 197 కోట్ల 29 లక్షల 44 వేల ఏళ్లు. 2026 పరాభవ ఉగాదికి కలి మొదలై నిండిన 5,127 ఏళ్లు కలపండి: 1,97,29,49,127.

ప్రథమపాదం అంటే కలియుగంలో మొదటి పావు, 1,08,000 ఏళ్లు. అందులో నూటికి ఐదు వంతులు కూడా ఇంకా గడవలేదు. "కలికాలం" అని నిట్టూర్చేవాళ్లు కొంచెం దాచుకోవడం మంచిది, ముందు చాలా ఉంది.

ప్రశ్న: అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఖగోళ గణితానికి ఇన్ని కోట్లు నిజంగా అవసరమా? ఏడాదికి 365 రోజుల చిల్లర అంటే సరిపోదా? (భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, కరీంనగర్)

ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. సమస్యంతా మీరన్న ఆ 'చిల్లర'తోనే సార్. చిల్లరని ఎలా రాస్తారు?

మనం 365.258756 అని చుక్క పెట్టి రాసేస్తాం. పాత సిద్ధాంతకర్తలకి దశాంశ బిందువు లేదు. పూర్ణ సంఖ్యలున్నాయి, త్రైరాశికం ఉంది. అందుకని ఇలా చెప్పారు: 43,20,000 సంవత్సరాల్లో రోజులు 1,57,79,17,828. ఒకదాన్ని ఒకదానితో భాగించండి, 365.258756 వస్తుంది. చుక్క తరవాత రావాల్సిన అంకెలన్నీ ఆ పెద్ద సంఖ్య కడుపులో దాక్కున్నాయి. హారం ఎంత పెద్దదైతే అంత సన్నటి చిల్లర రాయొచ్చు. 43 లక్షలు అనగానే మనకి అనంత కాలం గుర్తొస్తుంది. సిద్ధాంతికి అది సూక్ష్మంగా కొలిచే పరికరం.

ఎంత సూక్ష్మం? మహాయుగం రోజుల్లో ఒక్క రోజు పెంచామనుకోండి. దాన్ని 43,20,000 ఏళ్లకి పంచాలి. రోజుకి 86,400 సెకన్లు. 86,400 ని 43,20,000 తో భాగిస్తే సరిగ్గా 0.02 సెకను, ఇంకే అంకే మిగలదు. అంటే ఈ స్కేలు మీద ఒక గీత సెకనులో యాభయ్యో వంతు. ఆర్యభటుడి సంఖ్య 1,57,79,17,500, సూర్యసిద్ధాంతం సంఖ్య 1,57,79,17,828. తేడా 328 రోజులు. చూడ్డానికి దాదాపు ఏడాది తేడా! 0.02 తో గుణించండి, 6.56 సెకన్లు. ఇద్దరి సంవత్సరాలకీ ఉన్న తేడా ఏడు సెకన్లు కూడా లేదు.

గీతలు సన్నగా ఉన్నంత మాత్రాన కొలత కరెక్టని కాదు, అది మీకు నేను చెప్పాలా. నక్షత్రాలతో పోల్చి చూసే ఏడాది ఇప్పటి లెక్కలో 365.256363 రోజులు. సూర్యసిద్ధాంతం దానికంటే దాదాపు మూడున్నర నిమిషాలు ఎక్కువ చెప్పింది. టెలిస్కోపు లేని రోజులు, కాబట్టి నేనైతే మార్కులు ధారాళంగానే వేస్తాను. గోడ మీది ఇంగ్లీషు క్యాలెండరు ఏడాది ఈ రెండిటికంటే చిన్నది, సగటున 365.2425 రోజులు. అందుకే సంక్రాంతి ఆ క్యాలెండరులో మెల్లమెల్లగా ముందుకు జరుగుతుంది, ఇంచుమించు 70 ఏళ్లకి ఒక రోజు చొప్పున. వివేకానందుడు 1863 జనవరి 12 న, మకర సంక్రాంతి రోజున పుట్టాడు. ఇప్పుడు మనం 14 నో 15 నో చేసుకుంటున్నాం.

మహాయుగం సరిపోతుంటే మళ్లీ కల్పం ఎందుకు అంటారేమో. మరీ మెల్లగా తిరిగేవాటి కోసం. సూర్యుడి మందోచ్చం, అంటే సూర్యుడు భూమికి అతి దూరంగా కనిపించే బిందువు, కల్పంలో 387 సార్లు తిరుగుతుందని సూర్యసిద్ధాంతం. మహాయుగానికైతే 0.387. భిన్నం వచ్చేసింది! పూర్ణ సంఖ్యలే కావాలన్న పట్టుదల ఉన్నవాడు వెయ్యితో గుణించక ఏం చేస్తాడు? ఆ 387 ఇప్పటి కొలతలకి చాలా దూరం, నిజానికి అది దానికంటే ఎన్నో రెట్లు వేగంగా కదులుతుంది. అయితే మీరడిగింది సంఖ్య ఎందుకంత పెద్దదని. దానికి కారణం ఇదీ.

ప్రశ్న: భూమి వయసు 450 కోట్ల ఏళ్లని సైన్సు చెబుతోంది, మనవాళ్లు 432 కోట్లని వేల ఏళ్ల కిందటే చెప్పారు. సూర్యుడి వ్యాసం 8,64,000 మైళ్లు, ద్వాపరయుగమంత. పైగా అంకెలు కూడితే 9. వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా? (ఒక పాఠకుడు, రాజమండ్రి)

బాబూ, ఆ మెసేజ్ నాకూ వచ్చింది, ఫ్యామిలీ గ్రూపులోనే. అక్కడ జవాబిస్తే గొడవ, ఇక్కడ ఇస్తున్నా.

432 కోట్లు కల్పం మొత్తం నిడివి, గడిచిన కాలం కాదు. గడిచింది 197 కోట్లని పైన మన సంప్రదాయం ప్రకారమే వేశాం. భూమి వయసు సుమారు 454 కోట్లు. రెండు సంఖ్యలూ వేటికవే. సూర్యుడి వ్యాసం దాదాపు 8,65,000 మైళ్లు. అయినా మైలు ఇంగ్లీషువాళ్ల కొలత, ద్వాపరయుగం వాళ్ల పొలిమేరలకి పోయి మైళ్లు నేర్చుకుందా? కిలోమీటర్లలో వేస్తే సుమారు 13,92,000. మహిమ మాయం. ఇక 9 సంగతి. 9 తో భాగించబడే ఏ సంఖ్య అంకెలైనా కూడుతూ పోతే చివరికి 9 వస్తుంది. మీ కరెంటు బిల్లు 9 తో భాగించబడితే దానికీ వస్తుంది.

రోజుకి 86,400 సెకన్లు ఉండటానికి మాత్రం నిజమైన చుట్టరికం ఉంది. 24 × 60 × 60, అక్కడా 60 లే. మన లెక్కలో ఘడియకి 60 విఘడియలు, విఘడియకి 6 ప్రాణాలు, రోజుకి 21,600 ప్రాణాలు. ఒక ప్రాణం నాలుగు సెకన్లు. వృత్తంలో కళలు కూడా 21,600. భూమి ఒక ప్రాణంలో ఒక కళ తిరుగుతుందని ఆర్యభటుడు అన్నది ఈ పొందికతోనే. ఫార్వర్డ్ చెయ్యాలనుకుంటే ఇది చెయ్యండి.

ప్రశ్న: అధికమాసం ఎప్పుడొస్తుందో ఈ పెద్ద సంఖ్యలతో చెప్పొచ్చా? (ఒక పాఠకురాలు, హోసూరు)

సగటున చెప్పొచ్చమ్మా. ఏ నెలకి వస్తుందో కచ్చితంగా కావాలంటే పంచాంగం గుణించాల్సిందే.

మహాయుగంలో చంద్రుడు 5,77,53,336 సార్లు చుట్టొస్తాడు, సూర్యుడు 43,20,000 సార్లు. తీసివేస్తే అమావాస్యల లెక్క, అంటే చాంద్రమాసాలు: 5,34,33,336. సౌరమాసాలు 43,20,000 × 12 = 5,18,40,000. ఎక్కువైనవి 15,93,336. అవే అధికమాసాలు. రెండు సంఖ్యల్నీ 24 తో కొట్టేస్తే 1,80,000 ఏళ్లలో 66,389. ఇంకా కొట్టెయ్యడానికి లేదు. సుమారు 32 న్నర నెలలకి ఒకటి అన్నమాట.

66,389 ని 1,80,000 తో భాగించి, వచ్చినదాన్ని 19 తో గుణించి చూడండి, ఏడుకి ఒక వెంట్రుకవాసి ఎక్కువ వస్తుంది. అందుకే 19 ఏళ్లకి అదే నెల తిరిగొస్తూ ఉంటుంది. 2004 లో అధిక శ్రావణం, 2023 లో మళ్లీ అధిక శ్రావణం. 2007 లో అధిక జ్యేష్ఠం, 2026 లో మళ్లీ అదే. మీ అమ్మగారిని అడగండి, 2007 లో ఎవరి పెళ్లి ముహూర్తం వెనక్కి జరిగిందో ఆవిడకి గుర్తుంటుంది.

ప్రశ్న: మాస్టారూ, మా పాప స్కూల్ ప్రాజెక్టు కోసం యుగాల లెక్క వేసే చిన్న ప్రోగ్రాం రాశాను. మహాయుగం వరకు కరెక్టుగా వచ్చింది. కల్పం అడిగితే 2,50,32,704 అని చూపిస్తోంది. ఎక్కడ పోయింది? (సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, డల్లాస్)

సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఈ ప్రశ్న నన్ను అడగడం చూసి మా మనవడు పడీపడీ నవ్వాడు. వాడే జవాబు చెప్పాడు, లెక్క నేను సరిచూశాను.

మీరు 32 బిట్ల పూర్ణాంకం, అదీ రుణ సంఖ్యలు పట్టనిది, వాడి ఉంటారు. అందులో పట్టే విలువలు 2³², అంటే 4,29,49,67,296. కల్పం దాన్ని కాస్తలో దాటిపోయింది. దాటగానే మీటరు సున్నాకి తిరిగి మళ్లీ మొదలవుతుంది. 4,32,00,00,000 లోంచి 4,29,49,67,296 తీసెయ్యండి, మీకొచ్చిన 2,50,32,704 అదే. నూటికి ఒక వంతు కూడా లేని తేడాతో గీత దాటింది చూడండి, 429 కోట్ల కల్పమైతే మీకు అసలు తెలిసేదే కాదు.

64 బిట్లకి మార్చండి. బ్రహ్మగారి నూరేళ్ల ఆయుష్షు పగళ్లూ రాత్రుళ్లూ కలిపి 3,11,04,000 కోట్ల సంవత్సరాలు. 64 బిట్లలో అది కూడా హాయిగా పడుతుంది, అలాంటి ఆయుష్షులు ఇంకా వేలల్లో పట్టేంత చోటు మిగులుతుంది. పాప ప్రాజెక్టులో మాత్రం ఆ తప్పు జవాబు కూడా పక్కన పెట్టి ఎందుకొచ్చిందో రాయించండి. టీచరుకి అదే ఎక్కువ నచ్చుతుంది.